వెనింగ్ పంపని లెక్కలు

సిదోఅర్జోలో వాన పడితే రొయ్యల అప్పడాలు ఎండవు. అప్పడాలు ఎండని రోజు ఫ్యాక్టరీలో ఎవరి మనసూ బాగుండదు. ఆ సోమవారం వెనింగ్ మనసు పాడవడానికి కారణం మాత్రం అప్పడాలు కావు. ఒక గొడుగు.

గొడుగు దమర్‌ది. దాని కింద నడిచి వస్తున్నది జకార్తా నుంచి దిగిన కిరణ. ఆమె మీద ఒక్క చినుకు పడకుండా గొడుగంతా అటే వంచి, దమర్ తన సగం చొక్కా తడుపుకుంటున్నాడు.

పైఅంతస్తు కిటికీ దగ్గర నిలబడ్డ వెనింగ్ పక్కకు ఖాతాలు చూసే తూతిక్ వచ్చి చేరింది.

"ఏమే, అద్దం కరిగిపోయేలా ఉంది. కాస్త మెల్లగా చూడు."

"వాన తగ్గుతుందా లేదా అని చూస్తున్నా."

"ఓహో! ఈసారి వాన ఎత్తుమడమల చెప్పులేసుకుని వచ్చిందన్నమాట."

వెనింగ్ కిటికీ తెర లాగేసింది.

దమర్ ఈ కంపెనీకి వచ్చి ఏడాది కావస్తోంది. అయ్యగారన్నట్టు అందరూ 'పా' చేర్చి పిలిచే యజమాని పా హార్దొనో మొదటి రోజే అతనితో అన్నాడు. "చూడు నాయనా, గోదాము ఒక లెక్క చెబుతుంది, అమ్మకాలవాళ్ళు ఇంకొకటి చెబుతారు, ఖాతాలవాళ్ళు మూడోది. ఎవణ్ణి నమ్మాలో తెలీక నేను నా మోకాలి నొప్పిని నమ్ముకుని వ్యాపారం చేస్తున్నాను. ఏ డేటా కావాలి, ఎవరివ్వాలి, దాంతో ఏం చెయ్యాలి, అంతా ఒక దారిలో పెట్టు."

ఆ దారి వెతకడానికి దమర్ మొదట పట్టుకున్నది వెనింగ్‌నే. అమ్మకాల విభాగం ఆమె చేతిలో ఉంది. ఆమె వ్యాన్‌లో కూర్చుని గ్రెసిక్ సందులు తిరిగాడు, మదురా వంతెన దాటాడు, ఊళ్ళోని దుకాణాలవాళ్ళందరి చేతా తిట్లు తిన్నాడు. దారిలో ఇద్దరూ కలిసి తిన్న భోజనాలకు లెక్కే లేదు. మనసులో మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. ఈలోగా పని ముగింపుకు వచ్చింది. ఒక వారం సాయం చేసి వెళ్ళమని దమర్ తన పాత సహోద్యోగి కిరణను పిలిచాడు.

మీటింగులో కిరణ చకచకా మాట్లాడింది.

"మొదట అమ్మకాల విభాగం నుంచి మొత్తం డేటా రావాలి. వ్యాన్లు తిరిగే ఏ దారిలో ఎంత సరుకు వెళ్ళింది, అమ్ముడుపోక ఎంత వెనక్కొచ్చింది. దమర్, ఆ బిస్కెట్ల కంపెనీలో మనం పడ్డ తిప్పలు గుర్తున్నాయా?"

"ఎలుకలు తిన్నవాటిని కూడా అమ్మకాల కింద రాసేశారు, అదేగా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. వెనింగ్‌కు ఆ నవ్వులో తన కుర్చీ లేనట్టు అనిపించింది.

"పంపిన సరుకు లెక్క గోదాములో దొరుకుతుంది" అంది. "వెనక్కొచ్చిన సరుకు లెక్క మా వాళ్ళు రాసుకున్నది. అడగాల్సిన పద్ధతిలో అడిగితే ఆలోచిస్తాం, పా దమర్ గారూ."

దమర్ ఉలిక్కిపడ్డాడు. "పా దమర్ గారా? నిన్నటిదాకా నీ నోట చనువుగా మాస్ దమర్‌నే కదా!"

"ఇది ఆఫీసండీ."

"నిన్న కూడా ఇది ఆఫీసే."

మధ్యాహ్నం దమర్ కిరణను తీసుకుని గుల్లల పులుసు బండి దగ్గరకు వెళ్ళాడు. ఆ బండి అతనికి చూపించింది వెనింగే. పులుసులో నిమ్మకాయ ఎంత పిండాలో, రొయ్యల ముద్ద ఎంత కలపాలో నేర్పిందీ ఆమే. వీధికి ఇవతల ఆటో పార్కింగ్ నీడలో నిలబడి వెనింగ్ చూస్తుంటే, కిరణ చొరవగా చెయ్యి చాపి, అతని పళ్ళెంలోంచి పుల్లకు గుచ్చిన గుల్లలు తీసుకుని తినేసింది. దమర్ ఇంకో పుల్ల తనే అందించాడు.

వెనింగ్ ఆ రోజు అన్నం తినలేదు. తిన్నావా అని తూతిక్ అడిగితే కడుపు నిండిందంది.

"నిండకేం, అంత కుళ్ళు మింగితే!" అంది తూతిక్.

దమర్ లెక్కల కోసం రోజూ కబురు పెట్టాడు. మా వాళ్ళతో మాట్లాడాలని ఒకసారి, కంప్యూటర్ మొరాయిస్తోందని ఇంకోసారి వెనింగ్ తప్పించుకుంది. ఆ లెక్కలు ఆమె ల్యాప్‌టాప్‌లో సిద్ధంగానే ఉన్నాయి. పంపితే ఆ ఇద్దరూ తలలు ఆనించి వాటిని చూస్తారు. ఆ ఊహే ఆమె చేతిని పట్టి ఆపింది.

గురువారం ఉదయం తూతిక్ పరిగెత్తుకొచ్చింది. ఈసారి మొహంలో వెటకారం లేదు.

"విన్నావా? రేపు పెద్దాయన ముందు పెట్టే కాగితాల్లో గ్రెసిక్ దారి దండగని తేల్చారట. వెళ్ళే సరుకే తక్కువట. ఆ వ్యాన్ ఆపేస్తే నలుగురి ఉద్యోగాలు పోతాయి. ఆ వ్యాన్‌లో సరుకమ్మే పెద్దావిడ, మన బు మర్నిది కూడా."

వెనింగ్ ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుంది. గ్రెసిక్‌కు వెళ్ళే సరుకు తక్కువ, నిజమే. కానీ అక్కడి నుంచి ఒక్క ప్యాకెట్టూ వెనక్కి రాదు. బండ్ల కొద్దీ వెళ్ళే మదురా సరుకులో దాదాపు సగం మెత్తబడి తిరిగొస్తుంది. ఆ సంగతి చెప్పే లెక్క తానే తొక్కిపెట్టింది.

'ఒక మగాడి పక్కన ఇంకో ఆడది కూర్చుందని, నలుగురి నోటి దగ్గర కూడు లాగేస్తున్నానా?'

మెట్లు రెండేసి దిగి మీటింగు గది తలుపు తోసింది. లోపల కిరణ గొంతు హెచ్చుగా ఉంది. వెనింగ్‌ను చూసి చటుక్కున ఆపేసింది.

"వెనక్కొచ్చిన సరుకు లెక్కలు తెచ్చాను" అంది వెనింగ్ ఆయాసంతో. "ఇవి లేకుండా గ్రెసిక్ గురించి ఏం రాసినా తప్పే. ఎప్పుడో సిద్ధమయ్యాయి. పంపనిది నేనే. దానికి ఆఫీసు కారణమేమీ లేదు. తప్పు నాది."

దమర్ ఏదో అనబోయాడు. కిరణ చెయ్యెత్తి ఆపింది.

"అమ్మయ్య! తల్లీ, ఇప్పటికైనా వచ్చావు. జకార్తాలో ఆరేళ్ళు కలిసి పనిచేశాం, ఈయన నా మాటకు ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఇక్కడికొచ్చాక రోజూ గొడవే. గ్రెసిక్ ఆపేద్దామని నేను రాస్తాను, ఈయన కొట్టేస్తాడు. 'వెనింగ్ లెక్కలివ్వనిదే ఒక్క అంకె కూడా నమ్మను' అంటాడు. ఇవ్వకపోతే అన్నాను. 'ఇస్తుంది, ఆమె తన వాళ్ళకు అన్యాయం జరగనివ్వదు' అన్నాడు."

వెనింగ్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు.

కిరణ బ్యాగు సర్దుకుంటూ నవ్వింది. ఆ నవ్వు మునుపటంత చురుగ్గా లేదు. "నిజం చెప్పేస్తున్నా. పనితో పాటు ఈయన్ని కూడా జకార్తా తీసుకుపోదామనే వచ్చాను. కుదిరేలా లేదు. మీ గుల్లల పులుసు మాత్రం బాగుంది."

శుక్రవారం పా హార్దొనో కళ్ళజోడు తుడుచుకుని మరీ విన్నాడు. దమర్ చెప్పింది పొడవుగా లేదు. ఏం తేల్చుకోవాలో ముందు అడగాలి, దానికి పనికొచ్చే డేటానే పోగుచెయ్యాలి. ఒక దారి బాగోగులు సరుకు వెళ్ళిన లెక్కతో కాదు, దుకాణంలో నిజంగా అమ్ముడుపోయిన లెక్కతో చూడాలి. లెక్క ఇచ్చిన ప్రతివాడికీ ఆ లెక్క చూసే హక్కుండాలి. మొదటి ఏడాది అంకెలు చూపించి ఎవర్నీ ఇంటికి పంపకూడదు.

"ఆ చివరిదెందుకు?" అన్నాడు పెద్దాయన.

"భయముంటే ఎవరూ నిజం రాయరు, పా" అంది వెనింగ్. "మొదట నేనే ఇవ్వలేదు."

పెద్దాయన ఆమెనీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. "సరే, అలాగే కానివ్వండి. గ్రెసిక్ వ్యాన్ ఆగదు. మదురాకు సరుకు సగం తగ్గించండి" అని లేచాడు.

సాయంత్రం ఎండ కాసింది. పెరట్లో అప్పడాల తడికలు పరిచారు. వాటి మధ్య నడుస్తున్న వెనింగ్‌ను దమర్ వెనక నుంచి అందుకున్నాడు.

"ఆఫీసు కారణం కాదన్నావే, మరి ఏ కారణం?"

"చెప్పను."

"నేను డేటా మనిషిని. కారణం తెలీకపోతే నిద్ర పట్టదు."

"కుళ్ళు!" అనేసింది. "చాలా? గొడుగు చూసి కుళ్ళుకున్నా. ఆ నవ్వులు విని కుళ్ళుకున్నా. ఆ గుల్లల పుల్ల తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది."

దమర్ మొహం విచ్చుకుంది. "గ్రెసిక్ దుకాణాల్లో ఆ మీసాల కుర్రాడితో నువ్వు అరగంట నవ్వుతూ మాట్లాడతావే, అప్పుడు వ్యాన్‌లో కూర్చున్న నా సంగతేంటి? వాడి దుకాణాన్ని జాబితాలోంచి తీసేద్దామనుకున్నాను తెలుసా?"

"అతనికి ముగ్గురు పిల్లలు!"

"ఆ డేటా నాకు ఇవ్వలేదుగా."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. తడికలు తిప్పుతున్న ఆడవాళ్ళు పని ఆపి ఇటే చూస్తున్నారు. దమర్ గొంతు తగ్గించాడు.

"ఆదివారం మా అమ్మను మీ ఇంటికి తీసుకురానా?"

వెనింగ్ ఒక అప్పడం ఆరిందో లేదో చూస్తున్నట్టు వంగింది. చాలాసేపు లేవలేదు. లేచేసరికి ఆమె చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"తీసుకురా, మాస్. మా నాన్నకు లెక్కలంటే భయం, డేటా మాట ఎత్తకు."

"ఎత్తను. పెళ్ళికి కిరణను పిలుద్దామా?"

"పిలుద్దాం, మంచి మనిషి. కాకపోతే" అంది వెనింగ్, "నీకు ఎదురుగా మాత్రం కూర్చోబెట్టను. ఆ రోజు నీ పళ్ళెం నా కనుసన్నల్లో ఉండాలి."