నయమైన చేతికి కట్టు

"ఇంకో పది నిమిషాలు చెయ్యి కదపకండి," అంది డాక్టర్ హైమవతి, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

యంత్రంలో ఉన్న చెయ్యి నూకరత్నానిది. మెట్ల మీద జారి అరచేతి మీద పడింది. మణికట్టు లోపల, బొటనవేలి వైపు, జీడిపప్పంత ఎముక ఒకటుంటుంది, స్కాఫాయిడ్ అని. అది రెండు ముక్కలైంది. చిన్నదే గాని మహా మొండిది. దానికి రక్తం ఒక కొస నుంచే అందుతుంది. నడుమ విరిగిందా, రెండో ముక్క పస్తే. అందుకే పూర్వం నెలల తరబడి పిండికట్టులో ఉంచేవారు, అయినా కొన్ని అతికేవి కావు. హైమవతి కనిపెట్టిన ఈ 'సేతు' యంత్రంలో కంటికి కనిపించని రోబోలు కొత్త రక్తనాళాలు అల్లి, గంటలో ఎముక అతికించేస్తాయి. విశాఖలో పిండికట్టు అన్నదే కనబడక చాలా ఏళ్లయింది.

"అయితే రాత్రికి వంట అయిపోద్దన్నమాట!" అన్నాడు భర్త సింహాద్రి సంబరంగా. టీ తాగొస్తానని బయటికెళ్లాడు.

నూకరత్నం మొహం వాడిపోయింది. "డాక్టరమ్మా, దీని మీద పిండికట్టు కూడా ఏసీయండి."

"అతికిన ఎముకకి కట్టెందుకమ్మా?"

"మాయమ్మకీ ఈ ఎముకే ఇరిగింది. మూడు నెల్లు మా నాన్నే వండి ఎట్టినాడు. తన బతుక్కి ఆ మూడు నెల్లే కూకుని తిన్నాది. నాకూ ఇరిగింది గదా! నా మూడు నెల్లు నాకిచ్చీయండి."

మనుషులకి మూడు నెలలు మిగిల్చానని హైమవతి సభల్లో గర్వంగా చెప్పుకునేది. ఆ మిగిలిందంతా ఎవరి ఖాతాలో పడిందో ఇప్పుడు తెలిసి, ఆమెకి సిగ్గేసింది. ఆస్పత్రిలో పిండి లేదు. వినాయకుడి బొమ్మలు చేసేవాళ్ల దగ్గర తెప్పించి కట్టు వేసింది. "ఈసారి యంత్రం పనిచెయ్యలేదు," అని సింహాద్రికి తనే చెప్పింది.

నెల దాటాక సింహాద్రి ఒంటరిగా వచ్చాడు.

"ఆ చెయ్యి బాగుందని నాకు తెలుసు డాక్టరమ్మా. నిద్దట్లో దుప్పటి ఆ చేత్తోనే లాక్కుంటాది."

హైమవతి కుర్చీ చూపించింది. "కోపం వచ్చిందా?"

"రాదా మరి? రెండ్రోజులు మాటాడనేదు. కానీ నాను వండతంటే అది పక్కన పీటేసుకుని కూకుంటాది. ఎన్ని కబుర్లనీ! దానికిన్ని మాటలొచ్చని నాకేటి తెలుసు?" తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కట్టు ఒదులైపోనాది. గట్టిది ఇంకోటి ఏసీయండి. నాకు తెలిసిపోయిందని మాత్రం దానితో అనకండమ్మా. సిగ్గుపడి గరిటట్టుకుంటాది. మళ్లీ అది వంటింట్లో, నాను బాల్కనీలో."