దమ్ము

తెల్లవారింది. వనిత చాయ్ వడకడుతుంటే ముందుగదిలో తాడు లాగిన చప్పుడు, వెంటనే ఎవరో ఊపిరి వదిలినట్టు "హుస్స్" అని వినిపించింది.

"ఉన్నడు," అన్నది అత్త రుక్కమ్మ.

రెండేళ్లుగా రోజూ ఇదే. పంతొమ్మిదివందల తొంభై రెండు వానాకాలంలో, వనిత భర్త రాజం నడిపే పడవ ఇంజిన్ వార్ధా నది నడుమ ఆగిపోయింది. పడవ ఒక్కటే రాజురా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. రాజం దొరకలేదు. పడవ వెనక బిగించే ఆ ఇంజిన్‌ను రుక్కమ్మ కర్రస్టాండుకు తగిలించి, పైన కొడుకు చొక్కా వేసింది. రోజూ దాని స్టార్టు తాడు లాగి, వచ్చే చప్పుడును కొడుకు ఊపిరి అనుకుంటుంది. మసక వెలుగులో అది తల వంచుకుని నిలబడ్డ మనిషిలా ఉంటుంది. దాని ముందు చాయ్ గ్లాసు పెట్టేటప్పుడు వనిత పైకి చూడదు.

ఆ ఉదయం మరిది చందు ప్రెషర్ గేజీతో వచ్చాడు. అతను ఘుగ్గుస్‌లో లారీల మెకానిక్.

"అవ్వా, ఇయ్యాల ప్లగ్గులు ఇప్పి ఇంజిన్ దమ్ము, లోపలి గాలి ఒత్తిడి, ఎంతున్నదో చూస్త. బాగైతే నేనే పడవ నడుపుత."

"ఇప్పకురా! లోపలున్నది పోతది."

"ఏమున్నదే లోపల? గాలి. దయ్యానికి వదినె రోజూ చాయ్ పోస్తుంది. ఎన్నడన్న తాగిందా?"

వనిత నవ్వలేదు. కొన్ని రోజులు గ్లాసులో చాయ్ తగ్గి ఉంటుందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

చందు పానా తీయగానే రుక్కమ్మ ఇంజిన్‌ను కావలించుకుంది.

"అత్తా, నీ భయం వేరే ఉన్నది. ఏందో చెప్పు," అంది వనిత.

"పెట్రోలుల ఆయిల్ నేనే కలిపేదాన్ని. పొగకు వాడు దగ్గుతుండని తక్కువ పోసిన. ఇంజిన్ అరిగింది. నా కొడుకును నేనే చంపుకున్న."

వనిత అత్త చేతులను ఇంజిన్ మీంచి మెల్లగా విడిపించింది.

"ఇప్పు చందూ," అంది.

పై సిలిండర్‌లో ముల్లు నూట పది చూపింది. కింది దాంట్లో నలభై ఐదే; సగం దమ్ము కూడా లేదు.

"ఆయిల్ తక్కువై రింగులు అరిగి ఉంటే, ఇప్పుడు చెంచెడు ఆయిల్ పోస్తే సందులు మూసుకుని ముల్లు లేస్తది," అన్నాడు చందు.

పోసి తాడు లాగాడు. ముగ్గురూ వంగి చూశారు. నలభై ఐదే.

చందు పైమూత విప్పాడు. దాని కింద గాలి పోకుండా వేసే పల్చని రేకు, గాస్కెట్, ఒకచోట కాలి చీలిపోయి ఉంది. సిలిండర్ గోడ మీద గీత కూడా లేదు.

"గీ సందుకెల్లి దమ్ము పోయింది. గా హుస్స్ గిదే. నీ ఆయిల్ కాదే అవ్వా."

రుక్కమ్మ కుప్పకూలి ఏడ్చింది. వనిత ఆమె తలను ఒడిలోకి తీసుకుంది. "పొగకు ఆయన నిజంగనే దగ్గేటోడు అత్తా. నాకెర్కే."

సాయంత్రం చందు చంద్రాపూర్ నుంచి కొత్త గాస్కెట్ తెచ్చి బిగించాడు.

"లాగు అవ్వా."

"ఆ సప్పుడు మల్ల రాదా?"

"రాదు."

ఆమె లాగింది. హుస్స్ రాలేదు. సగం వచ్చిన తాడు ఆమె పిడికిలిని గట్టిగా లోపలికి గుంజింది. చాయ్ కోసం చెంగు పట్టుకు లాగే పిల్లాడిలా ఒక్కసారి గుంజి వదిలింది.

మర్నాడు ఇంజిన్ ముందు పెట్టిన గ్లాసు నిండుగా అలాగే ఉంది. వనిత చొక్కా తీసి మడతపెట్టింది. చల్లారిన ఆ చాయ్ తనే తాగింది.