శనివారపు అతిథి

"ఎవరి కోసం కూర్చున్నారు?"

గేటు లోపల చీపురు పట్టుకుని నిలబడ్డ అమ్మాయి అడిగింది. గేటు బయట రేకు ట్రంకు పెట్టె మీద కూర్చున్న అబ్బాయి తలెత్తాడు.

"ఎవరి కోసమూ కాదండీ. పొద్దుటి నుంచి నాలుగు ఇళ్ళు ఖాయమయ్యాయి. ఏ గది తీసుకోవాలా అని ఆలోచిస్తున్నాను!"

ఆ గొంతుకు రంబుతాన్ చెట్టు మీది పిచ్చుకలు గుంపుగా లేచిపోయాయి. అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది.

"అంత కోపం దేనికండీ?"

"కోపమా? నాకా? మామూలుగానే మాట్లాడుతున్నాను కదా!"

ముప్పై అయిదేళ్ళ కిందటి జోగ్జా అది, ఇండొనేషియాలో జావా దీవి మీది చదువుల ఊరు. ఇప్పుడైతే ఫోను మీద వేలు జరిపితే చాలు, గది ఫొటో, కిటికీ ఫొటో, చివరికి స్నానాల గదిలో మగ్గు ఫొటో కూడా వచ్చేస్తాయి. అప్పట్లో యూనివర్సిటీ వెనక సందుల్లో చెప్పులు అరగాల్సిందే. ప్రతి గుమ్మం ముందూ ఆగి అడగాలి. చెప్పులు అరిగితే అరిగాయి గానీ, ఆ వెతుకులాటలో దొరికేవి ఇప్పుడు ఏ ఫోనులోనూ దొరకవు. నేను చెబుతున్నానని కాదు, తుంపల్‌ని అడగండి, గంటసేపు చెబుతాడు.

ఆ ట్రంకు పెట్టె మీద కూర్చున్నవాడే తుంపల్. ఉత్తర సుమత్రాలో తోబా సరస్సు ఒడ్డున వాళ్ళ ఊరు. ఇంజినీరింగ్‌లో సీటొచ్చి జావా గడ్డ మీద కాలుపెట్టి సరిగ్గా ఒక్క రోజయింది. సోమవారం నాటికి తానుండే ఇంటి చిరునామా యూనివర్సిటీ ఆఫీసులో రాసివ్వాలి.

"ఆ నాలుగు ఇళ్ళవాళ్ళూ ఏమన్నారేమిటి?" అమ్మాయి చీపురు గోడకు ఆనించింది.

"కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. అమ్మానాన్నా కులాసాయేనా అని అడిగారు. 'చూద్దాం నాయనా, తర్వాత కబురు చేస్తాం' అన్నారు. ఎంత మర్యాదస్తులో!"

"నలుగురూ తర్వాత అనే అన్నారా?"

"నలుగురూనూ."

ఆమె నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "అయితే నలుగురూ వద్దన్నారండీ."

"వద్దనలేదే!"

"మా ఊళ్ళో ఎవరూ వద్దనరు. ముందు టీ ఇస్తారు, ఆ పైన తర్వాత అంటారు. విన్నవాడు నవ్వి, దణ్ణం పెట్టి, లేచి రావాలి. అయినా మీకు చిరునామాయే లేదు కదా, కబురు ఎక్కడికి పంపుతారనుకున్నారు?"

ఆ ప్రశ్న తుంపల్‌కు తట్టనే లేదు. తట్టనందుకు ఆమె మీద కోపం వచ్చింది.

"ఏం, నాకేం తక్కువ? సిగరెట్ తాగను, అల్లరి చేయను..."

"మెల్లగా మాట్లాడరు. అదొక్కటే తక్కువ. మీరు దొంగతనానికి వచ్చారో దొంగను పట్టడానికి వచ్చారో తెలియక హడలిపోయి ఉంటారు పాపం."

"మాది సరస్సు ఊరండీ. ఈ పడవలోంచి ఆ పడవలోకి మాట్లాడుకుంటాం. గుసగుసలాడితే చేపలకు వినిపిస్తుంది, మనుషులకు వినిపించదు."

ఈసారి ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూశాక తుంపల్ కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు.

ఆమె పేరు వెనింగ్. నాన్నకు సురబయా రైల్వేలో ఉద్యోగం. ఈమె ఇక్కడ నాయనమ్మ దగ్గరుండి టీచరు ట్రైనింగ్ చదువుతోంది. నాయనమ్మ పేరు మర్తి. సందంతా ఆవిణ్ణి ఎయాంగ్ అంటుంది, బామ్మగారు అన్నట్టు. ఆ ఇంట్లో చదువుకునే కుర్రాళ్ళకు అద్దెకిచ్చే గది ఒకటి నెల రోజులుగా ఖాళీగా ఉంది.

"ఎనిమిది మంది వచ్చారు. ఎయాంగ్‌కు ఒక్కరూ నచ్చలేదు. మీరూ ఒక రాయి వేసి చూడండి. ఒక్కటే మాట, లోపల కాస్త గొంతు తగ్గించండి" అంది వెనింగ్.

తుంపల్ గొంతు తగ్గించాడు. వాలు కుర్చీలో కూర్చున్న ముసలావిడ ముందు చేతులు కట్టుకుని, జన్మలో మాట్లాడనంత మెల్లగా పేరు చెప్పాడు.

"ఏమిటి?" అంది ఎయాంగ్.

మళ్ళీ చెప్పాడు.

"ఏమిటీ? పాలా? పాలు వద్దు."

మూడోసారికి తుంపల్ ఓపిక అయిపోయింది. "నా పేరు తుంపల్! మాది తోబా! నాకు గది కావాలి!"

కిటికీ అద్దాలు అదిరాయి. వెనింగ్ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎయాంగ్ ముఖం మాత్రం దీపం వెలిగించినట్టు విప్పారింది.

"హమ్మయ్య! ఈ ఊళ్ళో అందరూ గొణిగేవాళ్ళే తల్లీ. ఒక మనిషి మాట పూర్తిగా విని ఆరేళ్ళయింది. వీడికి గది చూపించు."

ఆ తర్వాత ఒక్క షరతు పెట్టింది. వేలు చూపించి మరీ చెప్పింది.

"నా ఇంట్లో ఉండే కుర్రాడు నా మనవడి లెక్క. వెనింగ్ నీకు చెల్లెలి లెక్క. ఇంట్లో ఉండేవాడు ఇంటి పిల్లతో మనసు కబుర్లు చెప్పకూడదు. మాటిస్తావా?"

"ఇస్తాను!" అన్నాడు తుంపల్. ఆ క్షణంలో రోజూ బావి తోడిపొయ్యమన్నా మాటిచ్చేవాడే. సోమవారం చిరునామా రాసిచ్చాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఎంత మంచి రెండేళ్ళవి! పొద్దున్నే ఎయాంగ్‌కు పేపరు పైకి చదివి వినిపించేవాడు. సందులో మిగతా ఇళ్ళవాళ్ళు పేపరు తెప్పించుకోవడం మానేశారు. ఆదివారం ఆవిడ చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్ళేవాడు. అక్కడ అతను పాటెత్తుకుంటే హార్మోనియం వాయించేవాడు వాయించడం ఆపేసి వినేవాడు.

వానాకాలంలో నాలుగయ్యేసరికి వాన వచ్చేది. పెరట్లో దండెం మీది బట్టలు తియ్యడానికి ఆ చివరి నుంచి వెనింగ్, ఈ చివరి నుంచి తుంపల్ పరుగెత్తేవాళ్ళు. ఇద్దరూ మధ్యలో కలిసేవాళ్ళు. మధ్యలో ఎప్పుడూ ఎయాంగ్ దుప్పటే ఉండేది. మొదటి ఏడాది ఆ దుప్పటిని చెరో కొసా పట్టుకుని చకచకా మడిచేసేవాళ్ళు. రెండో ఏడాది ఎందుకో అది మడవడానికి చాలాసేపు పట్టేది.

"తడిసిపోతున్నాం, మస్ తుంపల్" అనేది వెనింగ్. అక్కడ ఏ కుర్రాణ్ణయినా మర్యాదకు మస్ అంటారు.

"దుప్పటి తడవకుండా చూస్తున్నాను" అనేవాడు. అప్పటికే అది పిండితే బిందెడు నీళ్ళొచ్చేలా ఉండేది.

ఎయాంగ్ ఆ తడి దుప్పటి చూసి ఏమీ అనేది కాదు. ఇంకొకటి తీసి కప్పుకునేది.

తుంపల్‌కు తెలుసు, తనకు వెనింగ్ అంటే ప్రాణమని. ఇచ్చిన మాట కూడా గుర్తుంది. అందుకే నోరు విప్పలేదు. ఊరంతా వినిపించే గొంతున్నవాడికి ఒక్క మాట లోపల దాచుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

అప్పుడొచ్చాడు ప్రసోజో.

ఆ ఊళ్ళో అమ్మాయి నచ్చినవాడు శనివారం సాయంత్రం స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, నేరుగా వాళ్ళింటికే వస్తాడు. ముందుగదిలో పెద్దవాళ్ళ ఎదుట కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి వెళ్తాడు. దొంగచాటు వ్యవహారం కాదు. ప్రసోజో బ్యాంకులో గుమాస్తా. స్కూటరుంది. మంచివాడు కూడా, అదే తుంపల్‌కు మరీ బాధ. తిట్టుకుందామన్నా వంక దొరకదు. అతని మాట మాత్రం మరీ మెత్తన. ఎదురుగా కూర్చున్నవాళ్ళకే వినిపించదు, ఎయాంగ్‌కేం వినిపిస్తుంది?

"తుంపల్! ఇలా రా నాయనా. ఈ అబ్బాయి ఏమంటున్నాడో కాస్త గట్టిగా చెప్పు."

మనవడి లెక్క కదా, తప్పుతుందా?

"వెనింగ్ గారి పరీక్షలు ఎలా జరిగాయని అడుగుతున్నాడు ఎయాంగ్!"

"బాగా జరిగాయని చెప్పు."

"బాగా జరిగాయట" అన్నాడు ప్రసోజో వైపు తిరిగి. తెర వెనక వెనింగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తుంపల్‌కు మాత్రం నవ్వు రాలేదు.

నాలుగో శనివారం ప్రసోజో తల వంచుకుని ఇంకా మెత్తగా ఏదో అన్నాడు. తుంపల్ విన్నాడు. గోడ మీద బల్లిని చూస్తూ నిలబడిపోయాడు.

"ఏమన్నాడు?" అంది ఎయాంగ్.

"వచ్చే నెల... వాళ్ళ అమ్మానాన్నలను..."

"వినబడలేదు. నీకేమొచ్చింది, నువ్వూ గొణుగుతున్నావు?"

"వచ్చే నెల వాళ్ళ అమ్మానాన్నలను తీసుకొచ్చి వెనింగ్ విషయం మాట్లాడిస్తాడట!"

సందంతా వినిపించింది. తెర వెనక నవ్వు ఆగిపోయింది.

మర్నాడు బావి దగ్గర వెనింగ్ అడిగింది. "నిన్న అంత గట్టిగా అరిచారు. మీకు చెప్పుకోవాల్సింది ఏమీ లేదా?"

"నేను చెప్పేదేముంది? ఈ ఇంట్లో నేను అన్నయ్య లెక్క కదా."

"సరే అన్నయ్యా" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. రెండేళ్ళలో ఆమె అతన్ని అలా పిలవడం అదే మొదటిసారి.

ఆ రోజంతా తుంపల్‌కు అన్నం సయించలేదు. సాయంత్రానికి ఒక నిర్ణయానికి వచ్చాడు. మళ్ళీ సందులు పట్టుకుని గది వేటకు బయలుదేరాడు. చదువుల మధ్యకాలం, గదులన్నీ నిండి ఉన్నాయి. మొదటి ఇంట్లో టీ ఇచ్చి "చూద్దాం నాయనా" అనగానే, తర్వాత అన్న మాట రాకముందే దణ్ణం పెట్టి లేచాడు. ఆ ఇంటావిడ ఆశ్చర్యపోయింది. అలా మూడు రోజుల్లో పదకొండు టీలు తాగాడు. చివరికి నది అవతల, బాతులు పెంచేవాళ్ళింట్లో ఒక గది దొరికింది. అక్కడ బాతుల అరుపుల ముందు ఎవరి గొంతూ లెక్కలోకి రాదు. యూనివర్సిటీకి మాత్రం ముప్పావుగంట నడక.

"గది ఖాళీ చేస్తున్నాను ఎయాంగ్" అన్నాడు.

"ఎందుకు?"

"కారణం ఇప్పుడు అడక్కండి. మీకు అబద్ధం చెప్పలేను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "సరే, వెళ్ళు" అంది, అంతే.

ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని గేటు దాటుతుంటే వెనింగ్ ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెళ్ళి మాటలంటే పనులుంటాయని పారిపోతున్నారా?"

అతనికి చెప్పాలని ఎంతగా ఉందో! పెదాలు కూడా కదిలాయి. కానీ ఒక కాలు ఇంకా గేటు లోపలే ఉంది. తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆమె గేటు వేసిన చప్పుడు సందు చివరి దాకా వినిపించింది.

ఆ వారం ఎలా గడిచిందో ఆ బాతులకే తెలియాలి.

శనివారం సాయంత్రం తుంపల్ రెండుసార్లు స్నానం చేశాడు. ఉన్న ఒక్క మంచి బాతిక్ అద్దకం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. నది దాటి నడిచి వచ్చి, రెండేళ్ళు తన ఇష్టమొచ్చినట్టు తోసుకుని వెళ్ళిన గేటు ముందు నిలబడి, మొదటిసారి తట్టాడు.

వెనింగ్ గేటు తీసింది. "ఏమైనా మరిచిపోయారా? గదిలో ఏమీ మిగల్లేదు."

"మరిచిపోలేదు. అతిథి వచ్చాడని ఎయాంగ్‌తో చెప్పండి."

ఆమె అతని చొక్కా చూసింది. తడి జుట్టు చూసింది. ఈ రోజు ఏ వారమో అప్పుడు గుర్తొచ్చింది. పక్కకు జరిగింది.

ముందుగదిలో ఎయాంగ్ ఎదుట, ఇక పెద్దవాళ్ళతోనే వస్తానని ఆ శనివారం రాని ప్రసోజో కూర్చునే పేము కుర్చీ అంచున తుంపల్ కూర్చున్నాడు.

"ఎయాంగ్, నేనిప్పుడు మీ ఇంట్లో ఉండటం లేదు. మీ మనవణ్ణి కాను. ఉన్నన్నాళ్ళూ మీకిచ్చిన మాట తప్పలేదు. ఇక మాట తప్పకుండా ఉండటం నా వల్ల కాదు, అందుకే ఖాళీ చేశాను. చదువు పూర్తవడానికి ఇంకా రెండేళ్ళుంది. నాకు స్కూటరు లేదు. వెనింగ్‌కు ఇష్టమైతే, మీరు ఒప్పుకుంటే, ప్రతి శనివారం ఇలా వస్తాను. వద్దంటే టీ ఇవ్వకుండానే వద్దనండి, నేను తట్టుకోలేను."

ఎయాంగ్ వాలు కుర్చీలో ముందుకు వంగి అతని చొక్కా ఇస్త్రీ మడతలు చూసింది. తుంపల్ గుండె చప్పుడు ఆవిడకు కూడా వినిపించి ఉంటుంది.

"ఇల్లు ఖాళీ చెయ్యడానికి రెండేళ్ళు పట్టిందా నీకు?" అంది చివరికి. "నాలుగు నెలలు చాలనుకున్నాను. ఎన్ని దుప్పట్లు పాడుచేశారు ఇద్దరూ!"

తుంపల్ కుర్చీ అంచు నుంచి జారబోయి పట్టుకున్నాడు.

"నా ఇంట్లో ఉండి అడిగితే నా అన్నం తిని నన్ను మోసం చేసినట్టు. గుమ్మం బయటి నుంచి వచ్చి అడిగావు, అది మర్యాద. నా వరకు సరే. దాని సంగతి దాన్నే అడుగు. ప్రసోజో వాళ్ళింటికి రేపు నేనే వెళ్ళి, నొచ్చుకోకుండా చెప్పుకుంటాను."

తెర పక్కనే నిలబడ్డ వెనింగ్ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. రెండూ కావచ్చు.

అతను లేచి బయలుదేరినప్పుడు ఆమె గేటు దాకా వచ్చింది. రెండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాడు గానీ, అతన్ని సాగనంపడానికి ఎవరైనా గేటు దాకా రావడం అదే మొదలు.

"వెళ్ళే ముందు ఆ రోజు నాకొక్క మాట చెబితే ఏం పోయేది? వారం రోజులుగా నిద్ర లేదు నాకు" అంది.

"ఎలా చెప్పను? ఇంకా ఒక కాలు మీ గేటు లోపలే ఉంది."

"ఇప్పుడు బయటున్నారుగా. చెప్పండి."

తుంపల్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. రెండూ రోడ్డు మీదే ఉన్నాయి. గేటు ఊచల మీదికి వంగి, ఆమెకు మాత్రమే వినిపించేంత మెల్లగా చెప్పాడు. అంత మెల్లగా మాట్లాడటం అతనికి చేతనవునని ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు.

వెనింగ్ గేటు గడియ తీసింది, మళ్ళీ వేసింది.

"మళ్ళీ శనివారం దాకా ఎందుకు ఆగడం?" అంది. "బుధవారం కూడా ఎయాంగ్ ఇంట్లోనే ఉంటుంది."