ఏడో షెడ్ హవల్దార్ ఛుట్టీ

దుబాయ్‌లోని అల్ వర్సాన్ గోడౌన్ల వరసలో ఏడో నంబరు షెడ్‌కు మంచి పేరు లేదు. పగలు మామూలు రేకుల షెడ్డే. రాత్రయితే మాత్రం లోపల ఎవరో తుపాకీ బోల్ట్ లాగుతున్న చప్పుడు... ఖట్... ఖటక్. ఒకటి అయ్యాక ఇంకొకటి, తీరిగ్గా, లెక్కపెట్టినట్టు.

ఆరడుగుల పఠాన్ వాచ్‌మన్ ఒకతను ఆ చప్పుడు విని చెప్పులు వదిలేసి పారిపోయాడట. ఆ చెప్పులు గేటు దగ్గర నెలరోజులు పడున్నాయి. సైజు మరీ పెద్దది కాబట్టి గానీ, లేకపోతే దెయ్యం కంటే ముందు మనవాళ్లే మాయం చేసేవాళ్లు.

ఇది 2006 సంగతి. రంజాన్ నెల, అందులోనే దసరా వచ్చింది. షెడ్‌లో మూడొందల పన్నెండు పాత మిలిటరీ రైఫిళ్లున్నాయి. పాత ఆయుధాలు దాచుకునే సరదా ఉన్న దొరలకు అమ్మడానికి కంపెనీ ఎక్కడెక్కడి నుంచో పోగుచేసింది. పెట్టె తెరిచి, గడ్డకట్టిన గ్రీజు తుడిచి, బోల్ట్ సాఫీగా కదిలేలా చేసి ఉంచడం జగిత్యాల పక్క పర్శరాములు పని.

పాపం, పని ఎంత చేసినా తెల్లారేసరికి బోల్టులన్నీ మళ్లీ బిగుసుకునేవి. సుత్తితో కొట్టినా కదిలేవి కావు. ముదీర్, అంటే కంపెనీ మేనేజర్, మాత్రం పర్శరాములే బద్ధకిస్తున్నాడని తేల్చేశాడు.

"రేపు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. లాట్ పాసైతే ఊరికి పోవడానికి రెండు నెలల ఛుట్టీ. కాకపోతే వచ్చే ఏడాదే. ఖలాస్."

పర్శరాములు దుబాయ్ వచ్చేటప్పటికి భార్య రేణుక నిండు నెలలతో ఉంది. ఇప్పుడు బిడ్డకు మూడేళ్లు. మొన్న ఫోన్‌లో "నువ్వెవలు?" అని అడిగింది. ఆ రోజు అతనికి అన్నం సయించలేదు.

దసరా రాత్రి తల్లి లక్ష్మవ్వ పంపిన కుంకుమ పొట్లం జేబులో పెట్టుకుని షెడ్ దగ్గరికొచ్చాడు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్, రాయచోటి గులాం మొహిద్దీన్ అడ్డం నిలబడ్డాడు.

"యాడికబ్బా ఈ యాళప్పుడు?"

"మా దిక్కు పోలీస్ స్టేషన్ల తుపాకులకు గూడ దసరాకు బొట్టు వెడ్తరు, గులాం భాయ్. వీటికి పెట్టినోడే లేడు. కోపం రాదా మరి?"

"పిచ్చి గాని పట్టిందా నీకు! నువ్వు కేకేసినా నేను లోపలికి రాను. ముందే చెప్తాండా."

పర్శరాములు లోపలికెళ్లాడు. టార్చి చంకలో పెట్టుకుని, కుంకుమను గ్రీజులో కలిపి బొట్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి... రెండు... యాభై... నూరు...

వెనకాల — ఖట్... ఖటక్.

అతను తిరగలేదు. బొట్టు పెడుతూనే పోయాడు. మూడొందల పదకొండు... మూడొందల పన్నెండు.

"మేరా భీ."

నాది కూడా... అని ఎవరో చెవి పక్కనే గుసగుసగా అన్నారు.

టార్చి జారి కింద పడింది. ఆ వెలుతురులో ముందు మోకాళ్ల దాకా చుట్టిన సిపాయి గుడ్డపట్టీలు కనబడ్డాయి. పైన ఖాకీ నిక్కరు, ఆపైన బెల్టు, అన్నిటికంటే పైన ఇంతింత మీసాలు. చేతుల్లో మూడొందల పదమూడో రైఫిల్!

పర్శరాములు ఆ రైఫిల్‌కు కూడా బొట్టు పెట్టాడు. పెట్టక చస్తాడా!

ఆ పాతకాలపు మిలిటరీ హవల్దార్ గట్టిగా ఊపిరి వదిలాడు. "ఈ తుపాకులకు పూజ జరిగి అరవై ఏళ్లయింది. పూజ కాకుండా హథియార్ ముట్టనిస్తానా? అందుకే బోల్టులు బిగించా." తర్వాత సిగ్గుపడుతూ జేబులోంచి పచ్చబడిన కాగితం తీశాడు. "ఛుట్టీ అర్జీ... మంజూరు చేసేవాడు దొరకలేదు."

పర్శరాములు కుంకుమ అంటిన బొటనవేలితో దానిమీద ముద్ర వేశాడు. హవల్దార్ ఇంకేవో రెండు ప్రశ్నలడిగాడు, ఇతను జవాబిచ్చాడు. హవల్దార్ సెల్యూట్ కొట్టాడు. ఆ తర్వాత అక్కడ గ్రీజు వాసన తప్ప ఏమీ లేదు.

తెల్లారి ఇన్‌స్పెక్టర్ బోల్ట్ లాగితే వెన్నలా జారింది. మూడొందల పన్నెండూ అంతే. ఎర్రచుక్క చూసి "ఇదేంటి?" అన్నాడు. గులాం మొహిద్దీన్ అందుకుని "పాస్ మార్క్ సార్" అన్నాడు. ఇంత పద్ధతి గల గోడౌన్ ఎక్కడా చూడలేదని ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో రాసి వెళ్లాడు.

ముదీర్ ఛుట్టీ కాగితం మీద సంతకం పెట్టాడు. పర్శరాములు కళ్లు తుడుచుకుంటూ పెట్టె సర్దుకున్నాడు. వెళ్లేముందు రాత్రి జరిగిందంతా గేటు దగ్గర గులాం మొహిద్దీన్‌కు చెప్పాడు.

"అల్లా దయ, పీడ వదిలె! అది సరే, నిన్నేమో అడిగినాడంటివే?"

"ఎన్ని దినాల ఛుట్టీ అన్నడు. రెండు నెలలన్న."

"రెండు నెలలేనా?"

"దుబాయ్‌ల అంతకన్న ఎక్కువ ఎవలిస్తరు భాయ్?"

గులాం మొహిద్దీన్ ముఖంలో నవ్వు తగ్గింది. "రెండోది?"

"వాపస్ వచ్చినంక ఎవలి కాడ హాజరు కావాలె అన్నడు. నేను రావాల్సింది గూడ గీ గేటు కాడికే గదా... గులాం భాయ్ కాడ అని చెప్పిన."

గులాం మొహిద్దీన్ వేళ్ల మీద రెండు నెలలు లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. తర్వాత తనకూ ఛుట్టీ కావాలని ముదీర్ ఆఫీసుకు ఒకటే పరుగు.

అతని చెప్పులు గేటు దగ్గరే ఉండిపోయాయి.