నవ్వు షాట్

శవం నవ్వింది.

పళ్లు ఇకిలించి నవ్వలేదు పాపం, పొట్ట కదిలిందంతే. సముద్రం ఒడ్డున తడి ఇసుకలో పడుకోబెట్టి, మొహం కనపడకుండా పంచె కప్పారా, హీరోయిన్ వినీల మీద పడి గుండెలు బాదుకుంటుంటే ఆ పంచె కింద పొట్ట గడగడా ఊగిపోయింది.

"కట్!" అని అరిచాడు డైరెక్టర్ కిషోర్ బాబు. "ఏమయ్యా, కాసేపు చచ్చినట్టు పడుండలేవా?"

పంచె తీసి లేచి కూర్చున్నాడు గణేష్. వాకాడు దగ్గర ఆ జాలర్ల పాళెం పిల్లోడే, సముద్రంలో చేపల వేటకు పోయేవాడు. అసలు అక్కడ పడుకోవాల్సింది హీరోగారు. జాతకంలో గండం ఉందట, శవంగా పడుకోనని ఆయన భీష్మించుకున్నాడు. ఒడ్డూ పొడుగూ సరిపోయాయని గణేష్‌ను పట్టుకొచ్చారు.

చెరిగిన బొట్టుతో, మోచేతుల దాకా ఇసుకతో లేచి నిలబడి ఉరిమి చూసింది వినీల. "తమిళంలో ఏడ్చాను, మలయాళంలో ఏడ్చాను, కన్నడంలో ఏడ్చాను. ఏ శవమూ నన్ను చూసి నవ్వలేదు!"

"ఆ శవాలకి తెలుగు రాదేమో మేడం."

యూనిట్ వాళ్లంతా మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

"ఏం, నా తెలుగుకేమైంది? మాది ఈ పక్కనే, కోట ఊరు. ఇక్కడికి ఎంత దూరమని!"

"కోటోళ్లా! మరి 'నాథా' అంటారేంది? మా పాళెంలో ఏ ఆడమనిషి మొగుణ్ణి నాథా అనింది?"

"డైలాగు అట్టా రాసిచ్చినారు, నేనేం చేసేది!"

కోపంలో సొంతూరి మాట బయటికి తన్నుకొచ్చేసింది. గణేష్ మొహం వెలిగిపోయింది. "ఇదిగో, ఇట్టా ఏడవండి మేడం. నేను నిజంగానే చస్తా."

ఆ మాటకు వినీల నవ్వాపుకోలేకపోయింది. అలా మొదలైంది.

వినీల కోటలో వరి పండించే చెంచురామయ్య కూతురు. నెల్లూరులో చదువుతుండగా కాలేజీ నాటకంలో చూసి ఎవరో తమిళ సినిమాకు తీసుకుపోయారు. ఆనాటి నుంచి తండ్రి కూతురితో మాట్లాడటం మానేశాడు. ఆ పిల్ల మాత్రం తమిళంలో పల్లెటూరి పిల్ల అయింది, మలయాళంలో నర్సు అయింది, కన్నడంలో టీచరమ్మ అయింది. తెలుగులో మాత్రం చెల్లెలి వేషాలే, అవి కూడా వేరే అమ్మాయి గొంతుతో. తెలుగులో హీరోయిన్‌గా ఇదే మొదటి సినిమా.

షాట్‌కూ షాట్‌కూ మధ్య తుంపర పడుతుంటే అందరూ గొడుగుల కిందికి పోయేవాళ్లు. వినీల మాత్రం ఒడ్డుకు లాగిన బోటు చాటుకు పోయి కూర్చునేది. గణేష్ తన తువ్వాలు ఆమె మీదికి విసిరి, తాను తడుస్తూ నిలబడేవాడు. చేపల వాసన వస్తుందని ఆమె ముక్కు మూసుకునేది, తువ్వాలు మాత్రం తిరిగిచ్చేది కాదు.

"మేడం, ఇన్ని భాషల్లో చేసినారు గదా. యాడ బాగుంటాది?"

"మలయాళంలో ముందు కథ చెప్తారు, ఆ తర్వాతే టీ. తమిళంలో తిట్టేది తిడతారు, అన్నం తినకుండా మాత్రం పంపరు. కన్నడంలో 'తిన్నావా' అని అడక్కుండా పని మొదలుపెట్టరు."

"మరి తెలుగులో?"

"'ఏ ఊరు?' అంటారు. బొంబాయి అన్నోళ్లకి కుర్చీ వేస్తారు. కోట అన్నానా, 'మన అమ్మాయే కదా, కాసేపు నిలబడమ్మా' అంటారు."

గణేష్ బోటు అంచు మీది తడిని చేత్తో తుడిచాడు. "మా పాళెంలో కుర్చీలు లేవు. ఇక్కడ కూచోండి."

గణేష్‌తో ఒకే బోటులో పోయే పోలేరయ్య దూరం నుంచే కేకేసేవాడు. "ఒరేయ్ అబ్బయ్యా! వల నీళ్లలో ఎయ్యాల గానీ ఇసకలో ఏస్తండావేందిరా!" పోలేరయ్యకు కొత్తగా పెళ్లయింది. భార్య సుభాషిణి చేపల పులుసు తెచ్చి వినీలకు పెట్టేది. మీ ఆయన నోరు మూయించవా అని వినీల అడిగితే, "ఆ నోరు చూసేగదక్కా చేసుకునింది" అని సిగ్గుపడేది.

శవం సీన్ ఆఖరి రోజున గణేష్ తల్లి చెంచమ్మ ఒడ్డుకు వచ్చింది. సముద్రానికి పోయిన మొగుడు తిరిగి రాక, ఒంటి చేత్తో కొడుకును పెంచిన మనిషి. చేపలమ్మి కోట నుంచి వస్తూ, జనం మూగి ఉంటే ఏమిటా అని తొంగి చూసింది. ఇసుకలో కొడుకు. పక్కన బొట్టు చెరిపేసుకున్న ఆడపిల్ల.

నెత్తి మీది గంప ఎక్కడ పడిందో తెలియదు. లైట్లు తోసుకుంటూ వచ్చి కొడుకు గడ్డం పట్టి గుంజింది. "లేరా! లేరా నాయనా!"

"అమ్మా, సినిమామ్మా! ఉత్తుత్తిదే!"

చెంచమ్మకు ఏమీ వినపడలేదు. అప్పుడే వాన మీద పడింది. కెమెరాకు పట్టా కప్పి యూనిట్ అంతా వ్యాన్లలోకి పరుగెత్తింది.

సినిమావాళ్లకు ఒక అలవాటుంది. ఎవరైనా శవంగా పడుకుంటే, ఆ సీన్ అయ్యాక వాళ్లను లేపి కూర్చోబెట్టి, కెమెరా వైపు చూసి నవ్వమంటారు. ఆ నవ్వు సినిమాలో రాదు. కీడు పోవాలని తీస్తారంతే. వినీల ఏ భాషకు పోయినా అది చూసింది, అదేం పిచ్చి అని ఎగతాళి చేసింది. ఆ రోజు వానలో ఆ షాట్ ఎవరూ తీయలేదు. హీరో పడుకుని ఉంటే గుర్తుండేదేమో. పడుకున్నది పాళెం పిల్లోడాయె.

వాన తగ్గాక వినీల క్షమించమని అడగడానికి చెంచమ్మ ఇంటికి పోయింది. చెంచమ్మ ఇంకా కొడుకు వంకే చూస్తూ ఉంది. ఆమె భయం పోగొట్టాలని వినీల ఆ అలవాటు గురించి చెప్పింది.

"అట్టనా? మరి నా బిడ్డకి తీసినారా మ్మే?"

వాకిట్లో తల తుడుచుకుంటున్న గణేష్ చెయ్యి ఆగింది.

"తీశామత్తా. బాగా నవ్వాడు."

చెంచమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చి, "ఆ బోసి నుదురుతో తిరగబాక" అంటూ వినీలకు బొట్టు పెట్టింది.

సాగనంపడానికి గణేష్ వీధి చివరి దాకా వచ్చాడు. "ఎందుకు అబద్ధం చెప్పినావు?" మొదటిసారి మేడం అనడం మర్చిపోయాడు.

"మీ అమ్మ నిద్రపోవాలని. అయినా అవన్నీ మనం నమ్ముతామా ఏంది?"

"నేను నమ్మను. రేపు నువ్వు పోయే కొచ్చిన్ మలయాళం షూటింగ్ అయిపోయినాక యాడికి పోతావు?"

"ఎవరైనా రమ్మంటే వస్తా."

"ఎవరైనా గాదు, నేను. నేను రమ్మంటండా." అతని చెవులు ఎర్రబడ్డాయి. "రేపు వేటకు పోయొచ్చి అమ్మతో చెప్తా."

మర్నాడు తెల్లవారుతూనే గణేష్, పోలేరయ్య బోటు తీశారు. మధ్యాహ్నానికి గాలి తిరగబడింది. మిగతా బోట్లన్నీ వచ్చాయి. వీళ్లది రాలేదు.

సుభాషిణి ఫోను చేసేసరికి వినీల కారులో చెన్నై విమానాశ్రయానికి పోతోంది. కారు వెనక్కి తిప్పించింది. దారిలోనే ఆమె మేనేజరు మెర్లిన్ ఫోను. "రేపు కొచ్చిన్‌కు నువ్వు రాకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటారు వినీలా. మలయాళంలో మళ్లీ పిలవరు. ఆలోచించుకో."

"పెట్టుకోమను."

ఆ రోజు గడిచింది. మర్నాడూ గడిచింది. వెతకడానికి పోయిన బోట్లు ఉత్తవే తిరిగొచ్చాయి. నీళ్ల వంక చూడలేక సుభాషిణి ఇంట్లోనే ఉండిపోయింది. చెంచమ్మ మాత్రం ఒడ్డున కూర్చుంది, తినలేదు, ఏడవలేదు. ఆమె పక్కన వినీల. నుదుటి మీది బొట్టు నిప్పులా కాలుతున్నట్టుంది. నమ్మని దానికి భయపడటం ఎంత నరకమో ఆ పిల్లకు అప్పుడు తెలిసొచ్చింది. ఎన్ని సినిమాల్లో ఏడ్చిందో, ఇప్పుడు ఒక్క చుక్క రాలేదు.

ఇక ఆగలేకపోయింది. "అత్తా, నేను అబద్ధం చెప్పినా. ఆ నవ్వు షాట్ తీయలేదు. వానొచ్చిందని అందరితో పాటు నేనూ పరిగెత్తినా. నీ కొడుకును శవం లాగానే వదిలేసి పోయినాం."

చెంచమ్మ నీళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు.

"తెలుసులే."

"తెలుసా?"

"వాడు ఆ సాయంత్రమే చెప్పినాడు. 'అమ్మా, ఆ పిల్లకి అబద్ధమాడటం రాదు, సినిమాల్లో ఎట్టా నెట్టుకొస్తండాదో' అని పొట్ట పట్టుకోని నవ్వినాడు. ఆ నవ్వు నేను చూసినా. మీ కెమెరా చూస్తే ఎంత, చూడకపోతే ఎంత."

"మరి నన్ను ఒక్క మాటా అనలేదే?"

"మా ఆయన పోయినప్పుడు నిజం చెప్పేదానికి ఊరంతా వచ్చినారు మ్మే. నేను నిద్రపోవాలని అబద్ధం చెప్పినోళ్లు ఒక్కరూ లేరు." చెంచమ్మ వినీల చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

పొద్దు నెత్తి మీదికి వచ్చే వేళకు చెంచమ్మ ఫోను మోగింది. అవతల తమిళం. చెంచమ్మ ఫోను వినీల చేతికిచ్చింది, వినీల స్పీకరు నొక్కింది. చెన్నై హార్బర్ నుంచి ఎవరో మాట్లాడుతున్నారు. బోటు బోల్తాపడి కొట్టుకుపోతున్న మనిషిని తమ వాళ్లు పైకి లాగారట. పేరు గణేష్. ఆస్పత్రిలో ఉన్నాడు, ప్రాణానికి భయం లేదు, ఈ నంబరు చెప్పాడు.

"మీరు ఆయనకు ఏమవుతారు?" అని అడిగాడు అవతలి మనిషి.

తమిళంలో పేజీలకు పేజీలు డైలాగులు చెప్పిన పిల్లకు ఒక్క మాట రాలేదు. చెంచమ్మ ఫోను దగ్గరికి ఒంగి, పులికాట్ చేపల బేరాల్లో నేర్చుకున్న తమిళంలో గట్టిగా అంది. "ఎన్ మరుమగ!" నా కోడలు అని.

వినీల కళ్లు అప్పుడు వర్షించాయి. ఏడుస్తూనే తమిళంలో అడిగింది. "అన్నా, ఇంకొకాయన ఉండాలి. పోలేరయ్య అని."

 ఆ మనిషి గొంతు తగ్గించి చెప్పాడు. ఒకే ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను పట్టుకుని ఇద్దరూ తేలారట. తెల్లవారేలోపు ఒకరి చెయ్యి జారిపోయిందట.

వినీల ఫోను దించింది. తెలుగులో ఎలా చెప్పాలా అని నోరు తెరిచేలోగా, చెంచమ్మ కొంగుకు అంటిన ఇసుక దులుపుకుంటూ లేచింది. ఆమెకు ఆ తమిళమూ అర్థమైంది.

"లే మ్మే. సుభాషిణి కాడికి పోదాం. ఇంకెవరో చెప్పకముందే పోవాల."

"నేనేం చెప్పాలత్తా?"

"నువ్వేం మాట్లాడబాక. నేను చెప్తా. నువ్వు పోయి దాని పక్కన కూచో, చాలు."

సుభాషిణి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఇద్దరూ కలిసి రావడం చూసి చేట మీద చెయ్యి ఆపేసింది. వినీల పోయి ఆమె పక్కన, నేల మీద కూర్చుంది.

గణేష్‌ను చూడ్డానికి చెన్నై పోదామని వినీల తెప్పించిన కారు వీధి చివర సాయంత్రం దాకా ఆగే ఉంది.