ఇనుప గూట్లో గాజు

బ్లాంకా మా గాజు కార్ఖానాలో అడుగుపెట్టిన మొదటి రోజునే వోయ్తా పని పాడుచేసింది. అతను ఊదుగొట్టం చివర వేలాడుతున్న ఎర్రటి గాజు ముద్దని అటూ ఇటూ ఊపుతున్నాడు. ఈ పిల్ల చంకలో ఒక ఇనుప గూడు పెట్టుకుని, తల వంచుకుని సరాసరి అతని దారికి అడ్డం వచ్చింది. ఆమెను తప్పించబోయి అతను గొట్టాన్ని పక్కకి లాగాడు. అరగంట పని నేల మీద పడి పెంకులైంది.

"కళ్ళు ఇంట్లో మర్చిపోయి వచ్చారా?" అన్నాడు వోయ్తా.

"తెచ్చాను. మీరింత పొడుగు గొట్టం తిప్పుతుంటారని ఎవరూ చెప్పలేదు," అంది బ్లాంకా.

నేను పక్కనే ఉన్నాను. చల్లార్చే పొయ్యి నాది మరి. ఊదిన సామాను వేడి మీదే అందుకుని అందులో పెట్టడం, అది మెల్లగా చల్లారేదాకా కనిపెట్టుకుని ఉండటం, ముప్పై ఏళ్ళు నేను చేసిన పని అదే. ఆ పిల్ల మా ఇంట్లోనే పై గదిలో అద్దెకు దిగింది కాబట్టి, సాయంత్రానికల్లా ఆమె సంగతులన్నీ నా చెవిలో పడ్డాయి.

కమ్మరి కూతురు. ప్రాగ్‌లో శిల్పం చదువుకుంది. ఇనుప పీట మీద గాజు బొమ్మ నిలబెట్టడం ఆమెకు ఇష్టం లేదు, ఇనుములోంచి గాజు పుట్టుకొచ్చినట్టుండాలట. అలాంటివి అప్పటికి ఆరు చేసింది, ఆరూ పగిలాయి. సెప్టెంబరులో ప్రాగ్‌లో శిల్పుల సంఘం పెద్దలు కూర్చుని ఆమె పని చూస్తారు. ఒక్కటైనా వాళ్ళకు నచ్చితే శిల్పిగా కార్డు ఇస్తారు, తన పేరు మీద తాను పని చేసుకోవచ్చు. నచ్చకపోతే బొత్తాల కార్ఖానాలో నమూనాలు గీసే ఉద్యోగం ముందే రాసిపెట్టి ఉంది.

"అందులో చేరితే మళ్ళీ సుత్తి పట్టేదెప్పుడు పిన్నీ," అంది నాతో. ఏడవలేదు. ఏడిస్తేనే బాగుండేది.

పైగా అప్పటికే ఆగస్టు సగమైంది, మా కొలిమిని నెలాఖరున ఆర్పేసి మరమ్మతు మొదలుపెడతారు. అంటే ఆమెకు మిగిలింది ఒకే ఒక్క అవకాశం.

పెద్ద మేస్త్రీ హవెల్కా తాను ఊదనన్నాడు. ఇనుమూ గాజూ ఒక మంచం మీద పడుకోవని, పొద్దున్నకి ఒకటి చచ్చి ఉంటుందని అందరి ముందూ తేల్చేశాడు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి వచ్చింది ఎవరనుకున్నారు, వోయ్తా.

వచ్చినవాడు ఊరుకోకుండా గూడు తిప్పి చూసి, దాని ఊచల చుట్టూ బిగించిన కడియాలన్నీ ఒక్కోచోట కోసెయ్యమన్నాడు. చల్లారేటప్పుడు ఇనుము గాజు కంటే ఎక్కువ ముడుచుకుంటుందట, కొసలు వదిలిపెట్టకపోతే గొంతు నులిమినట్టు నులిమేస్తుందట. కమ్మరి కూతురికి ఇనుము గురించి చెప్పక్కర్లేదంది బ్లాంకా. ఆరుసార్లు పగిలింది మరెవరికంటూ అతను అడిగాడు. ఆమె విసురుగా లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా పెరట్లో రంపం చప్పుడు. అయిదు కడియాలూ కోసి, ఒక్కొక్క దానికి గోరంత సందు వదిలింది. వోయ్తా అది చూశాడు. నవ్వు దాచుకోవడానికి బీరు కూజా ఎత్తి గటగటా తాగాడు.

ఆ రోజు అతను ఊదుతుంటే గూటి ఊచల మధ్యనుంచి గాజు, వేళ్ళ సందుల్లోంచి పిండి పొంగినట్టు పొంగింది. గడ్డం మీంచి చెమట కారుతోంది, గొట్టం వదలడానికి లేదు. బ్లాంకా తన చొక్కా చేత్తో ఆ చెమట తుడిచింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. కొలిమి వేడికన్నాడు హవెల్కా. ముప్పై ఏళ్ళు ఆ వేడిలో ఉన్నదాన్ని, ఏ ఎరుపు ఎందుకొస్తుందో నాకు తెలియదా.

దాన్ని నా చిన్న పొయ్యిలో పెట్టాం. అయిదు రోజులు తలుపు తియ్యకూడదు, చల్లగాలి తగిలితే గాజు పగులుతుంది.

మూడో రోజు నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ నోరు రాదు. గాజు పనివాళ్ళం మధ్యాహ్నం కూడు ఆ పొయ్యిల్లోనే వండుకుంటాం. పొద్దున్నే ఆలుగడ్డలూ పొగబెట్టిన మాంసమూ కుండలో వేసి లోపలికి తోస్తే పన్నెండింటికి ఉడికి ఉంటుంది. ఆ రోజు నా బుర్ర ఎక్కడుందో, చేతులు వాటి అలవాటు అవి చేసేశాయి. తలుపు తీశాను, కుండ తోశాను, మూశాను. పదింటికి మాంసం వాసన వచ్చాక గాని తెలియలేదు.

వాసన వోయ్తాకీ తగిలింది. నా మొహం చూశాడు. నేను నోరు విప్పేలోపే బ్లాంకా వచ్చేసింది.

"ఎవరు తెరిచారు?"

"నేనే," అన్నాడు వోయ్తా. "ఆకలేసింది."

"ఆకలేసింది," అని ఆమె మెల్లగా ఆ మాటే మళ్ళీ అని వెళ్ళిపోయింది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. మొగుడు పోయినదాన్ని, అంతకుముందే మేనేజరు ఒకసారి హెచ్చరించి ఉన్నాడు. ఇంకో తప్పు దొరికితే ఇంటికి పంపేస్తారని నాకు తెలుసు, వోయ్తాకూ తెలుసు. ఆ రెండు రోజులూ పై గదిలో అడుగుల చప్పుడు ఆగలేదు. పెట్టిన సూప్ పెట్టినట్టే చల్లారింది. సాయంత్రం అయ్యేసరికి అతను మా కంచె దగ్గరకు వచ్చి, కిటికీ వైపు చూసి, తిరిగి వెళ్ళేవాడు.

అయిదో రోజు హవెల్కా తలుపు మీద చెయ్యి వేశాడు. ఇక నావల్ల కాలేదు.

"ఆగండి. కుండ నాది. తెరిచింది నేను," అన్నాను.

బ్లాంకా నన్ను చూసి, అతని వైపు తిరిగింది. "ఎందుకలా చెప్పారు?"

"మీకు నా మీద మొదటి రోజునుంచీ కోపమే. ఇంకాస్త పెరిగితే పెద్ద బరువు కాదనుకున్నాను. పిన్నికైతే ఉద్యోగం పోతుంది."

"నోరు మూసుకుని తలుపు తియ్యి," అంది ఆమె. అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

పగల్లేదు. కాని హవెల్కా దాన్ని రెండు నల్ల గాజు పలకల మధ్య పెట్టి చూపించాడు. గాజులో బిగువు ఉంటే వాటిలోంచి రంగుగా కనబడుతుంది. తలుపు వైపున అడుగున పసుప్పచ్చ చార ఒకటి ఉంది. నా కుండ పుణ్యం. నిలవచ్చు, రైలు కుదుపుకే పగలొచ్చు, తానైతే తీసుకెళ్ళనన్నాడు.

"నేను తీసుకెళ్తాను," అంది బ్లాంకా.

సెప్టెంబరులో ముగ్గురం రైలెక్కాం. నాకు శిక్షగా దుప్పట్ల మూట మోయించింది. బొమ్మ సర్దిన పెట్టెను వోయ్తా ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు గంటలు కాళ్ళు కదపలేదు. పట్టాల అతుకు వచ్చినప్పుడల్లా ముగ్గురం చెవులు రిక్కించేవాళ్ళం. వంతెన దాటేటప్పుడు నేను ఊపిరి కూడా తీసుకోలేదు.

ప్రాగ్‌లో అతను పెట్టెతోనే మెట్లు దిగాడు. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే రెండు మోకాళ్ళూ మడతపడ్డాయి. పెట్టె మాత్రం నేలకు తగల్లేదు.

"ముందు పెట్టె ఇవ్వు," అంది బ్లాంకా. తీసుకుని చెవి ఆనించింది. చప్పుడేం లేదు. "ఇప్పుడు లే."

"లేవలేను. కాళ్ళున్నట్టే లేదు."

"మరి టుర్నోవ్ స్టేషను దాటినప్పటినుంచీ నోరు తెరుస్తున్నావు, మూస్తున్నావు. ఏమిటది?"

చుట్టూ జనం ఆగారు. ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇలా మోకాళ్ళ మీద అడగాలనుకోలేదు," అన్నాడు వోయ్తా.

"ఉన్నచోటే అడుగు."

అడిగాడు. ఆ మాటలు వాళ్ళిద్దరివి, నేను రాయను.

"సరే," అంది ఆమె. "ఇప్పుడే చెప్పేస్తున్నాను. అక్కడ పెద్దలు దీన్ని తీసుకున్నా, తిప్పి పంపినా, నా మాటకీ దానికీ సంబంధం ఉండకూడదు."

సంఘం ఆఫీసులో బల్ల వెనక ముగ్గురు పెద్దమనుషులు. అందరికంటే పెద్దాయన లేచి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి, సరిగ్గా ఆ పసుప్పచ్చ చార ఉన్నచోటే గోటితో కొట్టాడు. వోయ్తా కళ్ళు మూసుకున్నాడు.

గాజు ఖంగున మోగింది. మోగి మోగి చాలాసేపటికి ఆగింది.

దీన్ని తీసుకుంటున్నామని చెప్పి, కాగితం ముందుకు లాక్కుని, చేసిందెవరని అడిగాడాయన.

"ఇనుము నాది. గాజు ఇతనిది. రెండు పేర్లూ రాయండి," అంది బ్లాంకా. వోయ్తా వద్దనబోతే మోచేత్తో పొడిచింది.

ఆయన కాగితాన్ని ఆమె వైపు తిప్పి చూపించాడు. "అమ్మాయ్, ఇక్కడ పేరు రాయడానికి ఒక్క గీతే ఉంది."

"సన్నగా రాయండి," అంది బ్లాంకా.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, సన్నగా రాశాడు.