నలభై ఒకటో సీసా

మూడో అంతస్తులో లిఫ్ట్ ఎక్కినప్పుడు డాక్టరమ్మ బతికే ఉంది. కిందికి వచ్చేసరికి లేదు. ఎడమ చెవి వెనక ఆవగింజంత రక్తపు చుక్క. ఉదయం తొమ్మిదీ పది.

తొమ్మిదిన్నరకి చీఫ్ గదిలో దబ్బనం నిలబడి ఉంది. డిపార్ట్‌మెంట్‌లో ఈ గూఢచారిణికి వేరే పేరు లేదు.

"ప్లాస్టిక్ సంచుల ఫ్యాక్టరీలో నలభై మంది ఆడవాళ్లు. ఎవరికీ కడుపు నిలవలేదు," చీఫ్ ఫైలు తిప్పాడు. "డాక్టరమ్మ వాళ్ల గర్భంలోని మాయ ముక్కల్ని గాజు సీసాల్లో దాచింది. వాటిల్లో కంటికి ఆనని ప్లాస్టిక్ నలుసులున్నాయని ఆమె మాట. పన్నెండింటికి విచారణ కమిటీ ముందు టెస్ట్. ఫ్యాక్టరీ ఓనర్లు విదేశం నుంచి ముఠాని దింపారు."

"సీసాలు పగలగొడతారా?"

"పగలగొడితే వాళ్లే దొరికిపోతారు. నలభై ఒకటో సీసాలో వట్టి శుభ్రమైన నీళ్లుంటాయి. కంట్రోల్ శాంపిల్. అందులో ప్లాస్టిక్ కనబడిందనుకో, మిగతా నలభైలోదీ ల్యాబ్ గాలిలోంచే పడిందని కొట్టిపారేస్తారు. కేస్ క్లోజ్."

"నేనే ఎందుకు సార్?"

"పదిహేడో సీసా మీ చెల్లెలిది. నువ్వు రెప్ప వెయ్యవు."

నిజమే, వెయ్యలేదు. చెల్లెలు అదే ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ గింజలు కరిగించే మెషిన్ మీద పనిచేసేది. ఏడో నెలలో పోయింది బిడ్డ. కాన్పు గదిలోంచి బయటికి తెచ్చాక అది బిడ్డ గురించి అడగలేదు. "అక్కా, రేపు నా షిఫ్ట్ ఎన్నింటికి?" అంది.

"లోపల నెమలి కలుస్తుంది. ముఠాలో మనం పెట్టిన మనిషి. కోడ్: ఎండ మండిపోతోంది."

పదకొండూ యాభై. ల్యాబ్‌లో నూలు చీర కట్టుకుని, మూతికి గుడ్డ చుట్టుకుని దబ్బనం నేల తుడుస్తోంది. కర్ర పిడిలో కెమెరా. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత నెమలి. తెల్లకోటు, వేలికి కోడిగుడ్డంత ముత్యం ఉంగరం.

"ఎండ మండిపోతోంది," అంది దబ్బనం.

"గొడుగు ఇంట్లో మర్చిపోయా." నెమలి నవ్వింది. "నువ్వు తలుపు దగ్గరుండు. సీసాలు నేను చూసుకుంటా."

దబ్బనం తలుపు వైపు తిరిగింది. అద్దంలా మెరిసే స్టీలు తలుపు. అందులో నెమలి నలభై సీసాల్నీ దాటి వెళ్లి చివరిదాని మూత మీద చెయ్యి వేసింది. ముత్యం పెంకు తెరుచుకుని తెల్లటి పొడి అరచేతిలోకి రాలింది.

రెండంగల్లో దబ్బనం ఆ చేతిని అందుకుంది. నెమలి రెండో చేతిలోని సూది పెన్ను దబ్బనం చెవి వెనక్కి లేచింది. తుడుపుకర్ర నెమలి మోచేతి మీద పడింది. పెన్ను ఎగిరిపోయింది.

"డాక్టరమ్మని నువ్వేనా?"

"పాపం, నాకు నమస్కారం కూడా పెట్టింది." నెమలి రొప్పుతోంది. "ప్లాస్టిక్ పౌడర్ నా పిడికిట్లో ఉందే. వదిలితే గదంతా పడుతుంది. వదలనా?"

పదకొండూ యాభై ఎనిమిది. కారిడార్‌లో బూట్ల చప్పుడు.

"వద్దు, వదలకు." దబ్బనం ఆ పిడికిలిని తన రెండు చేతుల్తో మూసి నొక్కింది. లోపల వేలెముక పటుక్కుమంది. పిడికిలిని అలాగే ఆమె పెదాల దాకా లేపింది. "నోరు తెరువు."

"పిచ్చిదానా..."

ఆ ఒక్క మాటకి నోరు తెరుచుకుంది. చాలు. పిడికిట్లో పొడి లోపలికి కుక్కి, నోరూ ముక్కూ మూసింది.

"మింగు. ఆ నలభై మందికీ ఎవరూ చెప్పి పెట్టలేదు. నీకు చెప్పి పెడుతున్నా."

గొంతు కదిలింది. ఒకసారి. రెండోసారి.

కమిటీ ముందు తలుపులోంచి వచ్చేసరికి, నెమలిని పట్టుకెళ్లిన డిపార్ట్‌మెంట్ మనుషుల వెనక రెండో తలుపు మూసుకుంది. నలభై ఒకటో సీసాలో నీళ్లు స్వచ్ఛంగా తేలాయి. నలభై సీసాల్లోనూ నలుసులు. పదిహేడోది చూసి కమిటీ పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మూల పనిమనిషి ఒకతి తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.

వ్యాన్‌లో నెమలి కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది. మేకప్ వేసుకున్న మొహం చెమటకి చారలు కట్టింది.

"ఒక్కమాట చెప్పవే. నాకు... రేపు పిల్లలు పుడతారా?"

పొద్దున టీవీలో ఫ్యాక్టరీ ప్రతినిధి ఇదే మాట ఎంత మర్యాదగా అన్నాడో, దబ్బనం అంతే మర్యాదగా అంది:

"ఆధారాలు ఇంకా చాలవండి. మరింత పరిశోధన జరగాలి."